లేని పాదం మండుతుందా డాక్టర్‌గారూ?

ప్రశ్న: మా తమ్ముడు ఆర్మీలో హవల్దార్. మైన్ పేలి ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. పూణేలో కాలు పెట్టించుకుని వచ్చాడు, బాగానే నడుస్తున్నాడు. కానీ రాత్రయితే చాలు, లేని పాదం మండుతోంది, వేళ్లు మెలిపెడుతున్నాయి అంటాడు. అమ్మేమో గాలి సోకిందని తాయత్తు కట్టించింది, చుట్టాలు మైండ్ దెబ్బతిందంటున్నారు. అద్దం పెట్టి చేసే ట్రీట్‌మెంట్ ఉందట, నిజమేనా?
– ఒక అక్క, తాడేపల్లిగూడెం

జవాబు: గాలీ కాదు, మైండ్ దెబ్బతినడమూ కాదమ్మా. నొప్పి నిజమే, పాదమే లేదు. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయిన సైనికుల్ని చూసిన వియర్ మిచెల్ అనే డాక్టర్ 1871లోనే దీనికి ఫాంటమ్ లింబ్, అంటే లేకపోయినా ఉన్నట్టనిపించే అవయవం, అని పేరు పెట్టాడు. కాలు పోయినా మెదడులో దానికున్న చోటు పోదు, తెగిన నరాలు కూడా ఊరుకోవు, ఏవో సిగ్నల్స్ పంపుతూనే ఉంటాయి.

అద్దం ఐడియా మద్రాసులో డాక్టరీ చదివిన వి.ఎస్. రామచంద్రన్‌ది. అమెరికాలో వాల్టర్ రీడ్ మిలటరీ ఆస్పత్రివాళ్లు కాలు పోయినవాళ్ల మీద దాన్ని పరీక్షించి 2007లో రిజల్ట్స్ ఇచ్చారు, రోజుకి 15 నిమిషాలు, 4 వారాలు. బాగున్న కాలి ప్రతిబింబాన్ని అద్దంలో చూసిన ఆరుగురికీ నొప్పి తగ్గింది, గుడ్డ కప్పిన అద్దం పెట్టినవాళ్లలో ఒక్కరికే తగ్గింది, కళ్లు మూసుకుని ఊహించుకోమన్నవాళ్లలో అయితే ఎక్కువమందికి పెరిగింది. ఆరుగురంటే చిన్న లెక్కే, తర్వాతి స్టడీలన్నీ ఇంత బాగా రాలేదు కూడా. అయినా ఖర్చు లేని పని, నేనైతే ట్రై చెయ్యమనే అంటాను.

పెట్టుడు కాలు తీసేసి మంచం మీద కాళ్లు చాపి కూర్చోమనండి. నిలువుటద్దం రెండు కాళ్ల మధ్య పొడుగ్గా, మెరిసే వైపు కుడి కాలికి ఎదురుగా పెట్టాలి, మొండి భాగం అద్దం వెనక్కి పోవాలి. అద్దంలో కనిపించేదే ఎడమ కాలనుకుని రెండు పాదాలూ కలిపి మెల్లగా ఆడిస్తున్నట్టు చెయ్యాలి. మొదటిసారి మీరు పక్కనే ఉండండి, ఆ స్టడీలో కూడా ఇద్దరు కాలు కనిపించగానే కాసేపు దుఃఖం ఆపుకోలేకపోయారు. నొప్పి పెరిగినా, కళ్లు తిరిగినా ఆపేసి ఫిజియోథెరపిస్టుకి చూపించండి. డాక్టర్ ఇచ్చిన మాత్రలు మాత్రం మానొద్దు.

ఇంకో మాట. నొప్పి కాలు తొడిగినప్పుడే వస్తుంటే, లేక మొండి భాగంలో ఒకేచోట నొక్కితే జివ్వుమంటుంటే, అది వేరే కథ. మొండి భాగం సన్నబడి సాకెట్ (పెట్టుడు కాల్లో అది దూరే గిన్నె) లూజ్ అయ్యుండొచ్చు, తెగిన నరం చివర గడ్డ కట్టుండొచ్చు. వాటికి అద్దం పనిచెయ్యదు, పూణే ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌కే మళ్లీ తీసుకెళ్లండి, 1944 నుంచీ వాళ్ల పనే అది.