ముందు మాత్ర మొదలుపెట్టండి, మీటింగ్‌కి తర్వాత వెళ్దురుగాని

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 24. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో హెచ్ఐవీ ఉందని తెలిసింది. మా వారికీ ఉంది. ఇద్దరికీ హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఇచ్చారు. పాపకు ఆరో వారంలో పరీక్ష చేసి, లేదని చెప్పారు. ఇప్పుడు పాపకు మూడు నెలలు, నా పాలే ఇస్తున్నాను. పుట్టింట్లో ఉన్నాను. ఇక్కడ అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. వదిన కంట పడతాయని రెండు మూడు వారాలుగా మాత్రలు సరిగా వేసుకోవడం లేదు. నాలాంటి తల్లులు నెలకోసారి కలుస్తారట. ఏఆర్‌టీ సెంటర్లో పరిచయమైన ఒక అక్క నన్నూ రమ్మంటోంది. వెళ్తే విషయం ఊళ్లో పొక్కుతుందేమోనని భయంగా ఉంది. వెళ్లమంటారా?

డాక్టర్ సలహా: అమ్మా, మీటింగ్ సంగతి చెబుతాను. దానికంటే ముందు, మాత్రలు సరిగా వేసుకోవడం లేదని రాశారే, అది చదివి నాకు టెన్షన్ వచ్చింది. రోజు విడిచి రోజు వేసుకుంటున్నారా, పూర్తిగా ఆపేశారా అన్నది రాయలేదు. ఎలాగైనా సరే, ఈ రోజే మీ ఏఆర్‌టీ సెంటర్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పండి. వాళ్లు చెప్పిన ప్రకారం వెంటనే మళ్లీ మొదలుపెట్టండి. తప్పిపోయిన మాత్రలు కలిపి రెండేసి మింగకండి. జ్వరం, దగ్గు, విపరీతమైన తలనొప్పి, బరువు తగ్గడం లాంటివి ఉంటే ఫోన్‌తో సరిపెట్టకుండా వెళ్లి చూపించుకోండి. ‘మందులు తెచ్చుకునే రోజు ఎలాగూ వెళ్తాను కదా, అప్పుడు చెబుదాం’ అని మాత్రం ఆగకండి. కౌన్సెలర్ రెండు మాటలు అంటే అననివ్వండి, ఆ భయంతో ఇంకో వారం పోగొట్టుకోవద్దు.

మందు ఆగితే కొద్ది వారాల్లోనే రక్తంలో వైరస్ మళ్లీ పెరుగుతుంది, పాలలోకీ వస్తుంది. అసలు మందే వాడకపోతే గర్భం, కాన్పు, పాలు అన్నీ కలిపి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. తల్లి క్రమం తప్పకుండా వాడి, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) అదుపులో ఉంటే పాల ద్వారా సోకే అవకాశం ఒక శాతం లోపే. సున్నా అని మాత్రం నేను అనను. పాపకు ఆరో వారంలో చేసిన పరీక్ష అప్పటివరకు సంగతే చెబుతుంది, ఆ తర్వాత తాగిన పాల గురించి చెప్పదు. అందుకని పాపకు మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయాలో, వైరస్ సోకకుండా పిల్లలకు వేసే నెవిరపిన్ చుక్కలు మళ్లీ వేయాలో లేదో, మీకు వైరల్ లోడ్ ఎప్పుడు చూడాలో సెంటర్ డాక్టర్‌ని అడగండి. మీ రిపోర్టులు చూడకుండా అవి నేను తేల్చలేను. వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా పాపకు ఇస్తున్న కోట్రైమాక్సజోల్ సిరప్ ఆపకండి. ఆరు, పన్నెండు, పద్దెనిమిది నెలలకు చేయించాల్సిన పరీక్షలూ మానకండి.

ఇది చదివి కంగారుపడి ఒక్కసారిగా పాలు మాన్పించవద్దు. కొనసాగించాలా వద్దా అన్నది డాక్టర్ మిమ్మల్ని చూసి చెప్పాలి. ఆరు నెలలు నిండేవరకు కాసేపు తల్లిపాలు, కాసేపు డబ్బాపాలు అన్నది మాత్రం కూడదు. మన వైపు పెద్దవాళ్లు వస అరగదీసి నాలుకకు రాస్తారు, తేనె నాకిస్తారు, ఆముదం చుక్క పడతారు. అవేవీ వద్దని అమ్మగారికి గట్టిగా చెప్పండి. వాటివల్ల పసిపిల్లల పేగుల లోపలి పొర దెబ్బతింటే వైరస్ లోపలికి వెళ్లడం తేలికవుతుంది.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. బాలింతలకు ఇచ్చే ఐరన్, కాల్షియం బిళ్లలను డోలుటెగ్రావిర్ అనే మందు ఉన్న ఏఆర్‌టీ మాత్రతో కలిపి పరగడుపున వేసుకుంటే మందు ఒంటబట్టదు. భోజనంతో అయితే కలిపి వేసుకోవచ్చు. లేదంటే ఏఆర్‌టీ మాత్ర వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. నడుం నొప్పని ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి బిళ్లలు తెచ్చుకుని మింగకండి. మీ ఏఆర్‌టీ మాత్రలో టెనోఫోవిర్ అనే మందు కూడా ఉంటే వాటివల్ల కిడ్నీలకు ఇబ్బంది రావచ్చు.

ఇక మీటింగ్. వెళ్లండి. కడుపుతో ఉన్నంతకాలం బిడ్డ కోసమని ఒక్క పూట కూడా తప్పని తల్లులు కాన్పయ్యాకే మందు ఆపేయడం నేను చూస్తున్నాను. రాత్రుళ్లు నిద్ర ఉండదు, ఇల్లు మారుతుంది, చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఈ ఇబ్బంది దాటినవాళ్లు చెప్పే ఉపాయం మా డాక్టర్లకు తట్టదు. మందు సీసా కదిపితే గలగలమంటుంది, చాలామందికి ఆ చప్పుడంటేనే భయం. లోపల శుభ్రమైన దూది ఉండ పెడితే చప్పుడు రాదని నాకు ఒక తల్లే చెప్పింది. మాత్రలను కాగితంలో చుట్టి బియ్యం డబ్బాలో దాచడం కంటే అది ఎంతో మేలు. మన కోనసీమ చెమ్మకు కాగితంలో మాత్రలు పాడైపోతాయి. సీసాలో ఉండే చిన్న పొట్లం కూడా తీసి పారేయకండి, అది చెమ్మను పీల్చడానికే.

కేప్‌టౌన్‌లో 2001లో మొదలైన మదర్స్ టు మదర్స్ అనే సంస్థ, హెచ్ఐవీ ఉన్న తల్లులకే శిక్షణ, జీతం ఇచ్చి కొత్త తల్లులకు తోడుగా పెట్టింది. తర్వాత ఆఫ్రికాలో చాలా దేశాలకు ఆ పద్ధతి పాకింది. మిమ్మల్ని పిలుస్తున్న అక్క చేస్తున్నదీ అలాంటి పనే. అయితే మందు మార్చమన్నా, ఆపమన్నా, ఏదో ఆకుపసరుతో పూర్తిగా నయమవుతుందన్నా అక్కడ ఎవరి మాటా వినకండి.

పొక్కుతుందన్న మీ భయాన్ని నేను కొట్టిపారేయను. నమ్మి చెప్పిన వాళ్ల హెచ్ఐవీ విషయాన్ని వాళ్ల సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. చట్టం ఉన్నా మన జాగ్రత్తలో మనం ఉండాలి. ముందు ఆ అక్కను ఒక్కదాన్నే ఏఆర్‌టీ సెంటర్లో కలవండి. ఎవరెవరు వస్తారు, ఫొటోలు తీస్తారా అని అడగండి. వాట్సాప్ గ్రూపులో చేరితే మీ నంబరు, మీ ఫొటో అందరికీ కనిపిస్తాయి, అది ఆలోచించుకుని చేరండి. తెలిసిన ముఖాలు ఉంటాయనిపిస్తే అమలాపురంలోనో, సఖినేటిపల్లి దగ్గర పంటు మీద గోదావరి దాటి నర్సాపురంలోనో ఇలాంటి తల్లులు కలిసే చోటు ఉందేమో కౌన్సెలర్‌ని కనుక్కోండి. బయటికి వెళ్లే వీలే లేకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఏడుపు ఆగకపోయినా, బతకాలని లేదనిపించినా మీటింగ్ రోజు దాకా ఉండకండి, అమ్మగారికి చెప్పి వెంటనే ఆసుపత్రికి రండి.

అత్తారింటికి వెళ్లే రోజు ఖాయమయ్యాక ముందే మందులు తెచ్చిపెట్టుకోండి. సెంటర్ దూరమైతే దగ్గర్లోని సెంటర్‌కి మార్చమని అడగవచ్చు. మీ వారు మాత్రలు ఎలా వేసుకుంటున్నారో కూడా ఒకసారి కనుక్కోండి, ఆయన గురించి మీరేమీ రాయలేదు.