చిన్న ఎస్‌టీపీ వల్ల నదికి నిజంగా ఏమైనా ఒరుగుతుందా?

180 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, ఎస్‌టీపీకి (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్‌కి) నెలనెలా బోలెడు ఖర్చు, ఊరి మురుగంతా ఎలాగూ మూసీలోకే పోతోంది, మనదొక్కటి నడిస్తే ఎంత, ఆగితే ఎంత అని అడిగారు. హైదరాబాద్‌లోనే, దాదాపు అంతే సైజు అపార్ట్‌మెంట్‌లో, మా అసోసియేషన్ మీటింగులో సరిగ్గా ఈ మాటే అన్నది నేనే. అప్పుడు ట్రెజరర్‌ని.

ముందు లెక్క చూడండి. ఇంటికి నలుగురు, తలా రోజుకు 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగు అనుకుంటే రోజుకు సుమారు 78 వేల లీటర్లు. లీటరు మురుగు కుళ్లడానికి 250 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ లాగేస్తుంది. దీన్నే బీఓడీ అంటారు. మన ఎండల్లో లీటరు మంచినీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ ఏడెనిమిది మిల్లీగ్రాములే. అంటే మీ ఒక్క అపార్ట్‌మెంట్ మురుగు రోజూ 26 లక్షల లీటర్ల నీటిలోని ఆక్సిజన్‌ని పూర్తిగా మింగేయగలదు. ఇక చేప ఎలా బతుకుతుంది? ప్లాంట్ బాగా నడిచి బీఓడీ 10కి దిగితే ఆ భారంలో పాతిక వంతుల్లో ఒక వంతే నాలాలోకి పోతుంది.

ఈ లెక్క నాకు ఆ రోజు తెలియదు. కరెంటు బిల్లు చూసి రాత్రి పదింటి నుంచి ఆరింటి దాకా బ్లోయర్ ఆపించాను. ఎయిరేషన్ ట్యాంకులో మురుగుని తినేది బ్యాక్టీరియా. వాటికి ఊపిరి ఆ బ్లోయర్ గాలే. మా ఆపరేటర్ రోజూ ట్యాంకులోంచి ఒక లీటరు నీళ్లు గాజు సిలిండర్‌లో పట్టి అరగంట కదపకుండా ఉంచేవాడు. బాగున్న రోజుల్లో గోధుమరంగు బురద 300 మిల్లీలీటర్ల గీత దాకా దిగి, పైన నీళ్లు తేటగా నిలిచేవి, తడిమట్టి వాసన. బ్లోయర్ ఆపించిన నాలుగో రోజు సిలిండర్ పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. బురద నల్లగా ఉంది, సగం పైకి తేలింది, కుళ్లిన గుడ్ల వాసన. "సార్, బురద చచ్చిపోయింది" అన్నాడు. ఆ నీళ్లు అప్పటికే నాలాలో పడ్డాయి.

తిరిగి దారిలో పడటానికి మూడు వారాలు పట్టింది. వేరే ప్లాంటు నుంచి ట్యాంకర్‌తో బురద తెచ్చి పోశాం, బెల్లం, పేడ కూడా కలిపాం (నవ్వకండి, చాలాచోట్ల ఇదే పద్ధతి). మిగిల్చిన కరెంటు డబ్బు ట్యాంకర్ కిరాయికి కూడా చాలలేదు.

మా నాలా చేరేది మూసీనే. పీర్జాదిగూడ వైపు ఆ నీళ్లతోనే గేదెలకు గడ్డి పెంచుతారు. ఆ నదే వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నా నల్లనీళ్లు ఎవరి మేతలోకి పోయాయో అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఖర్చు తగ్గించాలంటే గాలి జోలికి పోవద్దు. శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌లకీ, మొక్కలకీ మళ్లించండి. మాకు వేసవిలో నీళ్ల ట్యాంకర్లు బాగా తగ్గాయి. బాత్రూం యాసిడ్, వంటనూనె, వెట్ వైప్స్ డ్రైన్‌లో వేయొద్దని అందరికీ చెప్పండి. వైప్స్ చుట్టుకుని మా పంపు రెండుసార్లు కాలిపోయింది. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా, ఎంత చిన్న రిపేరైనా మనిషిని ట్యాంకులోకి దింపొద్దు, అందులో గ్యాస్ ఉంటుంది.

మీ ప్లాంట్ నిజంగా నడుస్తోందో లేదో తెలియాలంటే రిజిస్టర్ చూడక్కర్లేదు. రాత్రి రెండింటికి ఒకసారి సెల్లార్‌లోకి దిగి బ్లోయర్ చప్పుడు వినిపిస్తోందేమో చూడండి. ఎస్‌బీఆర్ రకమైతే (ఒకే ట్యాంకులో విడతలవారీగా శుద్ధి చేసేది) కాసేపు ఆగడం మామూలే, గంట ఆగి మళ్లీ వెళ్లండి.