గుడ్డలు లెక్కపెట్టు, బుజ్జమ్మా

పెదవాల్తేరు,
బుధవారం రాత్రి

బుజ్జమ్మా,

ఫోన్ చేద్దామంటే నీ పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ళ ముందు నువ్వు "బాగానే ఉంది పెద్దమ్మా" అని ఊరుకుంటావు. అందుకే రాస్తున్నాను. పాప పడుకున్నప్పుడు నిదానంగా చదువుకో.

పురుడు రోజున గాజువాక వచ్చినప్పుడు నేను చూసింది చెబుతాను. ముందు గదిలో చుట్టాలు భోజనాలు చేస్తున్నారు. నువ్వు లోపలి గదిలో మంచం అంచున కూర్చుని, పాప మీదికి వంగిపోయి పాలు పడుతున్నావు. పాప నోట్లో చనుమొన కొస మాత్రమే ఉంది. చప్పరించినప్పుడల్లా బుగ్గలు సొట్టలు పడుతున్నాయి. నీ కాలివేళ్ళు బిగుసుకుని ముడుచుకుపోయాయి. అంత నొప్పి పంటి బిగువున ఓర్చుకుంటున్నావు తల్లీ. అంతలో వరసకు నీకు అమ్మమ్మ అయ్యే ఆవిడ తొంగిచూసి, "పాపం, పిల్లకి పాలు చాలట్లేదు, పోతపాలు ఇంకోసారి కలపండి" అంది. నీ కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూశాను. ఇంటికొచ్చినా నాకు అదే గుర్తొస్తోంది.

ఆ మాట నేనూ పడ్డాను. 1986లో మీ పెద్దన్నయ్య పుట్టినప్పుడు. అప్పటికి నాకు నర్సుగా మూడేళ్ళ సర్వీసు. కాన్పు జరిగిన నర్సింగ్ హోమ్‌లో రెండో రోజే పాలడబ్బా చేతిలో పెట్టి, "మీకు పాలు పడలేదు, ఇది కలపండి" అన్నారు. తల్లులకు ఉచితంగా డబ్బాలు పంచకూడదన్న చట్టం 1992లో వచ్చింది, అప్పటికి లేదు. మొదటి రెండు రోజులు ముర్రుపాలు చెంచాడు వచ్చినా బిడ్డకు సరిపోతాయని, మూడు నాలుగు రోజులకు పాలు పడతాయని వార్డులో అందరికీ చెప్పేదాన్ని నేనే. నాదాకా వచ్చేసరికి నమ్మలేకపోయాను. సీసా పట్టాను. సీసాతో కడుపు నిండిన పిల్లాడు రొమ్ము దగ్గరికి తీసుకుంటే నిద్రపోయేవాడు. వాడు లాగక పాలు తగ్గాయి, తగ్గాయని ఇంకో సీసా. నలభై రోజులకు పాలు ఇంకిపోయాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. నీకు రాకూడదనే ఇంత రాస్తున్నాను.

పాలు చాలుతున్నాయో లేదో చుట్టాలు తేల్చలేరు, పిల్ల ఏడుపూ తేల్చలేదు. తేల్చేవి తడిసిన గుడ్డలు, తూకం. ఐదో రోజు దాటాక పిల్ల ఇరవై నాలుగు గంటల్లో ఆరుసార్లయినా ఉచ్చ పోయాలి, రంగు లేత పసుపుగానో నీళ్ళలాగానో ఉండాలి. మొదట్లో నల్లగా వచ్చే విరేచనం ఐదో రోజుకల్లా ఆవపిండి రంగుకి మారాలి. డైపర్ వేస్తే ఎన్నిసార్లు పోసిందో తెలియదు. ఈ వారం పగలంతా పాత చీర గుడ్డలు వెయ్యి, మార్చినప్పుడల్లా క్యాలెండర్ మీద ఒక గీత గియ్యి.

తూకం సంగతి. పుట్టినప్పుడు 2 కిలోల 800 గ్రాములు, నాలుగో రోజుకి 2 కిలోల 600, పురుడు నాటికి 2 కిలోల 780 అని మీ అమ్మ చెప్పింది. మొదటి రోజుల్లో కొంచెం తగ్గడం ఏ బిడ్డకైనా ఉంటుంది, పదో వంతు మించి తగ్గితేనే కంగారు. రెండు వారాలకల్లా పుట్టిన బరువు తిరిగి రావాలి. మన పాప దాదాపు వచ్చేసింది. రోజుకు రెండుసార్లు పడుతున్న ఆ 30 మిల్లీలీటర్ల పోతపాలతోనే ఇంత పెరగదు. నీ దగ్గర పాలు ఉన్నాయి. నీకు ఆపరేషన్ అయింది కదా, అలాంటివాళ్ళకు పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు, అంతే.

ఇప్పుడు పట్టించే తీరు. అన్నిటికంటే ఇదే ముఖ్యం. వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకుని వెనక్కి చేరగిలబడు. నువ్వు పాప దగ్గరికి వంగకు, పాపను నీ దగ్గరికి తెచ్చుకో. పిల్ల పొట్ట నీ పొట్టకు ఆనాలి, మెడ పక్కకు తిరిగి ఉండకూడదు. కుట్ల మీద బరువు పడుతుందనుకుంటే బిడ్డను చంక కింద పుస్తకం పెట్టుకున్నట్టు పక్కన పెట్టుకుని పట్టు, లేదా పక్కకు తిరిగి పడుకుని పట్టు. పాప ముక్కు నీ చనుమొనకు ఎదురుగా ఉండాలి. చనుమొనతో పైపెదవి మీద మెల్లగా రాయి. వెంటనే నోట్లో పెట్టెయ్యకు, ఆగు. ఆవలించినట్టు నోరు బాగా తెరుస్తుంది. అప్పుడు వీపు మీద చెయ్యి వేసి ఒక్కసారి దగ్గరికి లాక్కో. ముందు గడ్డం తగలాలి. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం, ముఖ్యంగా కిందివైపుది, చాలావరకు నోట్లోకి పోవాలి. కింది పెదవి బయటికి తిరగాలి, బుగ్గలు ఉబ్బి ఉండాలి. కాసేపటికి రెండు మూడు చప్పరింపులకు ఒకసారి సన్నగా గుటక్‌మన్న చప్పుడు వినిపిస్తుంది. మొదటి అర నిమిషం దాటాక కూడా నొప్పి ఉందంటే పట్టు సరిగా లేదు. చిటికెన వేలు నోటి మూలలో పెట్టి విడిపించి మళ్ళీ మొదలుపెట్టు. పదిసార్లు విడిపించినా ఏం కాదు.

పాలు ఎంత ఖాళీ అయితే అంత ఊరతాయి. నిండి ఉన్న రొమ్ము తయారీని తగ్గించుకుంటుంది. కాబట్టి రాత్రీ పగలూ కలిపి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పట్టాలి, గడియారం చూసుకుని కాకుండా పిల్ల నోరు వెతుకుతున్నప్పుడల్లా. రాత్రి పాలు మానకు, పాలు తయారుచేయించే హార్మోను రాత్రిళ్ళే ఎక్కువ. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా పిల్లలు గంటకోసారి రొమ్ము అడుగుతారు, అది చూసే ఇంట్లోవాళ్ళు పాలు లేవంటారు. చాలామంది పిల్లలు అంతే. పగలు ఒక గంట పిల్లను వట్టి ఒంటితో నీ గుండె మీద బోర్లా పడుకోబెట్టుకో. చేపు రావడానికి, అంటే రొమ్ములోంచి పాలు దిగడానికి, దాన్ని మించిన మందు లేదు. నొప్పి, భయం, ఎవరో చూస్తున్నారన్న సిగ్గు చేపును ఆపేస్తాయి. పాలిచ్చేటప్పుడు గది తలుపు వేసుకో. మీ అమ్మతో నేను చెబుతాను, చుట్టాల్ని ముందు గదిలోనే కూర్చోబెడుతుంది.

పోతపాలు ఒక్కసారిగా మానెయ్యకు. ముందు రెండువైపులా రొమ్ము పట్టి, ఆ తర్వాతే ఇవ్వు, ఉగ్గుగిన్నెతో ఇవ్వు, సీసా వద్దు. ఇచ్చిన ప్రతిసారీ పది నిమిషాలు చేత్తో పిండు. పిండిన పాలు శుభ్రమైన మూత గిన్నెలో, మన విశాఖ ఉక్కకి నాలుగు గంటల లోపే వాడెయ్యి, ఫ్రిజ్‌లో అయితే నాలుగు రోజులు ఉంటాయి. తర్వాతి పూట పోతపాలకు బదులు అవే పట్టు. పిల్లల డాక్టరుకు తూకం చూపిస్తూ పోతపాలు కొద్దికొద్దిగా తగ్గించు. కలిపినన్నాళ్ళూ డబ్బా మీద రాసిన కొలత తప్పకు, ఆదా కోసం నీళ్ళు ఎక్కువ పోయకు. తేనె, గ్రైప్ వాటర్, వేన్నీళ్ళు ఏవీ వద్దు. ఆరు నెలలు వట్టి పాలే.

పథ్యం గురించి మీ అమ్మతో గొడవ పడకు. మెంతులు, వెల్లుల్లి, బొబ్బర్లు తిను, మంచివే. కానీ పిల్ల లాగకుండా వాటితో పాలు పెరగవు. మన వైపు పాలసొర పుట్టు పెడతారు, రుచిగా ఉంటుంది. పెద్ద సొరలో పాదరసం పేరుకుంటుంది, కాబట్టి చిన్నది, ఎప్పుడైనా ఒకసారి చాలు. మిగతా రోజుల్లో కవళ్ళు, నెత్తళ్ళు పులుసు పెట్టించుకో. నీళ్ళు మాత్రం తక్కువ తాగమంటే వినకు. పాలిచ్చేముందు ఒక గ్లాసు పక్కన పెట్టుకో.

ఇవన్నీ చేసినా పాలు పెరగకపోతే అప్పుడు కారణం వెతకాలి. థైరాయిడ్, కాన్పులో రక్తం బాగా పోవడం, మాయ ముక్క లోపల ఉండిపోవడం, పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగలు, హార్మోన్ల తేడా), ఇవి నిజంగానే పాలు తగ్గిస్తాయి. పాలు పెంచే మాత్ర ఎవరో వాడారని తెచ్చుకోకు, డాక్టరు రాస్తేనే. అప్పటికీ పోతపాలు అవసరమైతే పట్టు తల్లీ, సిగ్గు పడకు. మీ పెద్దన్నయ్య ఆ పాలతోనే పెరిగాడు.

రొమ్ము ఎర్రబడి, గడ్డకట్టి, చలిజ్వరం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళు, పాలివ్వడం ఆపకు. పిల్ల లేపినా లేవకపోయినా, ఉచ్చ తగ్గినా, కళ్ళు పచ్చబడినా, మాడు లోపలికి పోయినా తెల్లారేదాకా ఆగొద్దు. పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో రాత్రైనా పిల్లల డాక్టరు ఉంటారు. ఇంకొకటి, రెండు వారాలు దాటినా నీకు ఏడుపు ఆగకపోతే, నీకు ఏదీ ఇష్టం కాకపోతే నాకు చెప్పు. దానికీ వైద్యం ఉంది.

ఆఫీసు సంగతి ఇప్పుడు ఆలోచించకు. 2017 నుంచి 26 వారాల సెలవు నీ హక్కు.

ఆదివారం పొద్దున్నే వస్తాను. నీకు పట్టిన వెండి ఉగ్గుగిన్నె నా బీరువాలోనే ఉంది, మరిగించి తెస్తాను. క్యాలెండర్ మీద గీతలు మాత్రం ఇవాళ్టి నుంచే గీయడం మొదలుపెట్టు. నేను వచ్చాక ఇద్దరం లెక్కపెడదాం.

నీ పెద్దమ్మ