వేరే కంపెనీ సర్వర్ మీద పాత ఇమేజ్ బ్యాకప్ బూట్ అవ్వట్లేదా? ముందు దాన్ని వర్చువల్ మెషిన్‌లో లేపండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. బాలానగర్‌లోని మీ యూనిట్‌లో విండోస్ సర్వర్ 2012 ఆర్2 నడుస్తున్న పాత సర్వర్ మదర్‌బోర్డు పోయింది. ఆ మోడల్ ఇప్పుడు రావట్లేదని వేరే కంపెనీ సర్వర్ తెప్పించారు. ఇమేజ్ బ్యాకప్ (డిస్క్ మొత్తానికి తీసిన అచ్చు కాపీ) రీస్టోర్ వంద శాతం పూర్తయిందని చూపించింది, తీరా బూట్ చేస్తే బ్లూ స్క్రీన్. బ్యాకప్ పాడైందా, అదే పాత మోడల్ సెకండ్ హ్యాండ్‌లో వెతకాలా అని అడిగారు.

ముందు బ్యాకప్ గురించిన టెన్షన్ పక్కన పెట్టండి. తెర మీద 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అని ఉంటే (దీని కోడ్ 7బి), మీ డేటా దాదాపుగా క్షేమంగానే ఉన్నట్టు. విండోస్ లోగో దాకా వచ్చి ఆగిపోవడానికి కారణం ఉంది. మొదట్లో డిస్క్ నుంచి ఫైళ్లు చదివేది మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్. దానికి విండోస్ డ్రైవర్లతో (ఒక్కో హార్డ్‌వేర్‌ని నడిపించే చిన్న ప్రోగ్రాములు) పని లేదు. విండోస్ గుండెకాయ అయిన కెర్నల్ మెమరీలోకి వచ్చాక డిస్క్‌ని సొంత డ్రైవర్‌తో తన చేతుల్లోకి తీసుకుంటుంది. మీ ఇమేజ్‌లో ఉన్నది పాత రెయిడ్ కంట్రోలర్ (పలు డిస్కుల్ని కలిపి నడిపే కార్డు) డ్రైవర్. కొత్త కంట్రోలర్ దానికి తెలియదు. అందుకే అంతవరకు తాను చదువుతున్న డిస్కే ఆ క్షణంలో దానికి కనిపించకుండా పోతుంది.

దీనికి మందు ఉంది. విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్ ఎఫ్10 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. డిస్క్ కనిపించకపోతే 'డీఆర్‌వీలోడ్' కమాండ్‌తో కొత్త కంట్రోలర్ డ్రైవర్ ఎక్కించాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి, డిస్క్ కనిపించింది కదా అని రీబూట్ చేస్తారు, మళ్లీ అదే బ్లూ స్క్రీన్ చూస్తారు. 'డీఆర్‌వీలోడ్' డ్రైవర్‌ని ఎక్కించేది ఆ పెన్‌డ్రైవ్ విండోస్‌లోకి మాత్రమే. రీస్టోర్ అయిన విండోస్‌లోకి వెళ్లాలంటే 'డిస్మ్' కమాండ్‌కి ఆ విండోస్ ఉన్న డ్రైవ్ చూపించి, యాడ్ డ్రైవర్ ఆప్షన్‌తో మళ్లీ ఇవ్వాలి. పైగా అక్కడ మీ సి డ్రైవ్ డి గానో ఇ గానో కనిపించవచ్చు. ముందు 'డిర్' కొట్టి విండోస్ ఫోల్డర్ ఏ అక్షరం కింద ఉందో చూసుకోండి.

కానీ మీ విషయంలో నేను ఈ దారి పట్టమని చెప్పను. 2012 ఆర్2కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2023 అక్టోబర్ 10తో ముగిసింది. ఈమధ్య వస్తున్న సర్వర్లకు తయారీదారులు ఆ వెర్షన్ డ్రైవర్లు ఇవ్వడం మానేశారు. లేని డ్రైవర్‌ని ఏ కమాండ్ ఎక్కించలేదు. దానికి తోడు మీ పాత మెషిన్ లెగసీ బయాస్‌తో (పాత తరహా ఫర్మ్‌వేర్) బూట్ అయి ఉంటే, కొత్తది యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా ఫర్మ్‌వేర్) ఒక్కటే ఒప్పుకుంటే, పార్టిషన్లు జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చి బూట్ ఫైళ్లు కొత్తగా రాయాలి. ఆఫీసు ఆగిపోయి ఉన్నప్పుడు ఒకేసారి ఇన్ని ముళ్లు విప్పుతూ కూర్చోకూడదు.

నేను మొదటి నుంచీ చెప్పేది ఒకటే: హార్డ్‌వేర్ మారితే, ముందు వర్చువల్ మెషిన్‌లో, అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో తయారుచేసిన ఇంకో కంప్యూటర్‌లో లేపండి. కొత్త సర్వర్ మీద దాని కోసమే తయారైన కొత్త విండోస్ సర్వరో (దాని హైపర్-వితో) ప్రాక్స్‌మాక్సో పెట్టండి. హైపర్-వి, ప్రాక్స్‌మాక్స్ రెండూ హైపర్‌వైజర్లు, అంటే వర్చువల్ మెషిన్లను నడిపే సాఫ్ట్‌వేర్లు. మీ పాత విండోస్‌కి కనిపించేది అసలు కంట్రోలర్ కాదు, హైపర్‌వైజర్ చూపించే కంట్రోలర్. హైపర్-వి డ్రైవర్లు 2012 ఆర్2లో పుట్టుకతోనే ఉన్నాయి. బయాస్ సమస్య కూడా తీరుతుంది. హైపర్-విలో వర్చువల్ మెషిన్ తయారుచేసేటప్పుడు, పాతది లెగసీ అయితే జనరేషన్ 1, యూఈఎఫ్‌ఐ అయితే జనరేషన్ 2 ఎంచుకుంటే చాలు.

దీని విలువ నాకు బాగా తెలిసింది 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్ వాన తర్వాత. మలక్‌పేట వైపు ఒక మందుల డిస్ట్రిబ్యూటర్‌కి నేను సిస్టమ్స్ చూసేవాణ్ణి. సర్వర్ సెల్లార్‌లో ఉండేది, నీళ్లలో మునిగింది. బ్యాకప్ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ ఓనర్ గారి ఇంట్లో ఉండటంతో డేటా దక్కింది. కరోనా రోజులు, మెడికల్ షాపుల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. బిల్లు లేకుండా గోడౌన్ నుంచి ఒక్క డబ్బా బయటికి కదలదు. కొత్త సర్వర్ వచ్చేదాకా ఆగే పరిస్థితి కాదు. పై అంతస్తులో ఉన్న ఒక మంచి డెస్క్‌టాప్‌కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి ర్యామ్, ఎస్ఎస్‌డీ తెచ్చి వేసి, అందులో హైపర్-వి ఆన్ చేసి, ఇమేజ్‌ని అక్కడ దింపాం.

రీస్టోర్ మొదట్లోనే ఒక అడ్డు వచ్చింది. విండోస్ ఇమేజ్ రికవరీ పాత డిస్క్ కంటే చిన్న డిస్క్‌ని ఒప్పుకోదు, అందులో మీరు వాడింది పావు వంతే అయినా సరే. వర్చువల్ డిస్క్‌ని డైనమిక్‌గా (డేటా పెరిగేకొద్దీ పెరిగేలా), పాతదానికంటే కాస్త పెద్ద సైజు చూపించి తయారుచేస్తే ఒప్పుకుంటుంది. ఎస్ఎస్‌డీలో మాత్రం రాసిన డేటాకి సరిపడా చోటే పడుతుంది.

బూట్ అయింది, లాగిన్ స్క్రీన్ వచ్చింది, కానీ బిల్లింగ్ కంప్యూటర్లు ఒక్కటీ కనెక్ట్ కాలేదు. కారణం నెట్‌వర్క్ కార్డు. పాత సర్వర్‌కి ఇచ్చిన స్టాటిక్ ఐపీ (మారకుండా ఉండే నెట్‌వర్క్ అడ్రస్) పాత కార్డు పేరు మీదే ఉండిపోయింది. వర్చువల్ కార్డు విండోస్ లెక్కలో కొత్త కార్డు, అందుకే 169.254తో మొదలయ్యే అడ్రస్ తనంతట తానే పెట్టేసుకుంది. పాత ఐపీ టైప్ చేస్తే, అది వేరే అడాప్టర్‌కి ఇచ్చి ఉందని వార్నింగ్ వచ్చింది. డివైస్ మేనేజర్‌లో హిడెన్ డివైసెస్ చూపించమంటే పాత కార్డులు మసకగా కనిపించాయి. అవి తీసేసి ఐపీ, గేట్‌వే, డీఎన్‌ఎస్ మళ్లీ ఇస్తే బిల్లింగ్ స్క్రీన్ తెరుచుకుంది. చివరి చిక్కు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు. అది హార్డ్‌వేర్‌కి ముడిపడి ఉంది, మెషిన్ మారిందని మళ్లీ యాక్టివేషన్ అడిగింది. మీ సాఫ్ట్‌వేర్ కూడా అలాంటిదైతే, రీస్టోర్ నడుస్తుండగానే ఆ కంపెనీకి ఫోన్ చేసి పెట్టండి. యూఎస్‌బీ డాంగిల్ ఉంటే పాత సర్వర్ వెనక నుంచి తీసి జాగ్రత్త చేయండి.

మీ సర్వరే డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు యూజర్ల లాగిన్లు చూసే సర్వర్) కూడా అయితే ఒక్క మాట. ఇంకో డొమైన్ కంట్రోలర్ బతికే ఉంటే, పాత ఇమేజ్ లేపకండి. కొత్త విండోస్ పెట్టి డొమైన్ కంట్రోలర్‌గా చేరిస్తే బతికున్నదాని నుంచి డొమైన్ వివరాలన్నీ కాపీ అవుతాయి. అదొక్కటే ఉన్న చోట ఇమేజ్ రీస్టోర్ తప్పదు.

ప్రాక్స్‌మాక్స్ వాడితే విండోస్ డిస్క్‌ని మొదటిసారే విర్టియో (ప్రాక్స్‌మాక్స్ వర్చువల్ మెషిన్‌కి ఇచ్చే వేగమైన వర్చువల్ కంట్రోలర్, దాని డ్రైవర్ విండోస్‌లో ఉండదు) మీద పెట్టకండి, అక్కడా అదే బ్లూ స్క్రీన్ ఎదురవుతుంది. ముందు సాటా కంట్రోలర్ మీద బూట్ చేసి, పక్కన ఒక చిన్న ఖాళీ విర్టియో డిస్క్ తగిలించి, దానికి డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయండి. ఆ తర్వాత షట్‌డౌన్ చేసి అసలు డిస్క్‌ని విర్టియోకి మార్చండి.

లైనక్స్ సర్వర్ ఒకటి కూడా ఉందన్నారు, సెంటోస్ 7. దానికీ ఇదే జబ్బు, పేరే వేరు. బూట్ సమయంలో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న ఫైల్‌లో పాత మెషిన్‌కి అవసరమైన డ్రైవర్లే ఉంటాయి. బూట్ మొదట్లో కనిపించే గ్రబ్ మెనూలో 'రెస్క్యూ' అని ఉన్న ఎంట్రీలో డ్రైవర్లన్నీ ఉంటాయి కాబట్టి దానితో బూట్ చేసి, 'డ్రాకట్' కమాండ్‌తో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ తయారుచేయండి. నెట్‌వర్క్ కార్డు పేరు మారి ఉంటుంది, దాని సెట్టింగ్స్ ఫైల్ కూడా సరిచేయాలి. అందులో ఉన్నది ఒక్క డేటాబేసే అయితే మాత్రం ఓఎస్‌ని మోయకండి. సెంటోస్ 7 కూడా 2024 జూన్ 30తో ముగిసిపోయింది. కొత్త ఓఎస్ మీద డేటాబేస్ డంప్ ఎక్కించడమే మేలు.

ఇక అదే పాత మోడల్ వెతకాలా అన్నారు. ఒకే ఒక్క సందర్భంలో వెతకండి: మీ బ్యాకప్ పాతదై, గత కొన్ని రోజుల డేటా పాత డిస్కుల్లోనే ఉండిపోతే. మీది మదర్‌బోర్డు సమస్య, డిస్కులు బాగానే ఉండి ఉంటాయి. రెయిడ్ వివరాలు చాలా కంట్రోలర్లలో ఆ డిస్కుల మీదే రాసి ఉంటాయి. అదే కుటుంబానికి చెందిన కంట్రోలర్‌కి తగిలిస్తే 'ఫారిన్ కాన్ఫిగరేషన్' అని చూపిస్తుంది. అక్కడ ఇంపోర్ట్ మాత్రమే నొక్కాలి, పొరపాటున కూడా క్లియర్ నొక్కకండి. డిస్కులు బయటికి తీసేముందు ఏది ఏ స్లాట్‌లో ఉందో స్టిక్కర్ అంటించండి. కొత్త సర్వర్ స్థిరపడేదాకా వాటిని ఫార్మాట్ చేయనివ్వకండి.

పాత సర్వర్ లెగసీనా యూఈఎఫ్‌ఐనా, డిస్క్ సైజు ఎంత, బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే ఎన్‌క్రిప్షన్) ఉందా, బ్యాకప్ ఏ సాఫ్ట్‌వేర్‌తో తీశారు, ఈ నాలుగూ కింద రాయండి. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ చేతిలో ఉందో లేదో ఈరోజే చూసుకోండి. వివరాలు వచ్చాక మీ మెషిన్‌కి సరిపోయే కమాండ్లు వరసగా రాస్తాను.