అంబాసిడర్‌కు కరెంటు ఫ్యాను బిగిస్తున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

తాతగారి మార్క్ 3 అంబాసిడర్‌కు నువ్వు కరెంటు ఫ్యానును, వేడిని బట్టి దాన్ని వేసి ఆపే స్విచ్‌ను బిగిస్తున్నావని, వచ్చే వేసవిలో అమ్మాయిని, పాపను ఆ కారులోనే శ్రీశైలం తీసుకువెళ్తానంటున్నావని అక్కయ్య నిన్న ఫోనులో చెప్పింది. ఏళ్ల తరబడి షెడ్డులో దుమ్ము పట్టిన బండిని నీ చేతులతో నడిపించావని విని ఎంత గర్వపడ్డానో, ఆ దారిలోని దోర్నాల ఘాటు మాట వినగానే అంత గుబులు పడ్డాను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్లు బండ్ల వైరింగు చేసినవాణ్ణి కనుక, నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మొదట బ్యాటరీకి కరెంటు పుట్టించే డైనమో సంగతి తేల్చుకో. పాత లూకాస్ సీ40 రకం డైనమో మహా అయితే 22, 25 ఆంపియర్లు ఇస్తుంది, అదీ ఇంజను జోరుగా తిరుగుతున్నప్పుడే. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజను నెమ్మదిగా తిరిగే, సరిగ్గా ఫ్యాను కావలసిన వేళకు, అది ఇచ్చేది దాదాపు ఏమీ ఉండదు. 12 అంగుళాల ఫ్యాను ఒక్కటే ఎనిమిది, పది ఆంపియర్లు లాగుతుంది. దానికి హెడ్‌లైట్లు తోడైతే బ్యాటరీ ఏమవుతుందో నువ్వే లెక్క వేసుకో. కాబట్టి ముందు డైనమో తీసేసి, ఐడిల్‌లోనూ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టించు. అప్పుడే బ్యాటరీ ఏ కొన బాడీకి కలిసి ఉందో కూడా చూడు. ఆ కాలపు బ్రిటిష్ నమూనా బండ్లు చాలావాటిలో పాజిటివ్ కొనే ఎర్త్‌గా ఉండేది. ఆ సంగతి మరిచి తీగలు కలిపితే ఫ్యాను వెనక్కి తిరుగుతుంది, గాలి రేడియేటర్‌లోకి వెళ్లవలసింది పోయి ముందుకు వచ్చేస్తుంది. ఫ్యాను తిప్పి, గ్రిల్ ముందు చిన్న కాగితం ముక్క పట్టుకో. అది లోపలికి అతుక్కుంటే సరిగ్గా తిరుగుతున్నట్టే.

ఫ్యానును ప్లాస్టిక్ టైలతో రేడియేటర్ రెక్కలకు వేలాడదీయకు. పట్టీలు చేయించి చట్రానికి బిగించు. పాత ఫ్యాను రెక్కలు తీసేసినా బెల్టు మాత్రం ఉండాలి, నీటి పంపును తిప్పేది అదే. తీసిన రెక్కలను, వాటి బోల్టులను గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచు.

చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే రిలే అక్కరలేదని, ఇగ్నిషన్ తాళం నుంచి నేరుగా తీగ లాగుతానని అన్నావట. ఈ మాట నా అల్లుడి నోట రావడం నాకు నచ్చలేదు. తాతల నాటి తాళంలోని ఆ చిన్న రేకులు పది ఆంపియర్లను గంటల తరబడి మోయలేవు. డాష్‌బోర్డు వెనక తీగ కాలితే పొగ వచ్చేదాకా నీకు తెలియదు. రిలేలో 30వ కొనకు బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా, 87 నుంచి ఫ్యానుకు, 86కు ఇగ్నిషన్ నుంచి, 85 నుంచి వేడి స్విచ్ మీదుగా ఎర్త్‌కు తీగలు వేయి. తాళం తీస్తే ఫ్యాను ఆగేలా ఈ పద్ధతే ఉంచు. బానెట్ కింద చెయ్యి పెట్టినప్పుడు ఫ్యాను దానంతట అది తిరగడం నేను చూశాను.

ఇక స్విచ్. ఇంజను వేడెక్కాక నీటిని రేడియేటర్‌కు వదిలే నీ థర్మోస్టాట్ 82 డిగ్రీల దగ్గర తెరుచుకునేదైతే, 92 దగ్గర కలిసి 87 దగ్గర విడిపోయే స్విచ్ తీసుకో. విడిపోయే అంకె థర్మోస్టాట్ అంకె కన్నా తక్కువైతే ఫ్యాను ఆగే ప్రశ్నే ఉండదు.

ఆ స్విచ్‌ను ఎక్కడ, ఎలా ఎర్త్ చేయాలన్న దగ్గరే నేను తప్పు చేశాను. అప్పుడు నీకు ఏడాది కూడా నిండలేదు. పాత మారుతి 800 ఫ్యానును నా అంబాసిడర్‌కు తగిలించి, రేడియేటర్ పై గొట్టాన్ని కోసి మధ్యలో లేతు మీద తీయించిన ఇత్తడి ముక్క పెట్టి, దానికి ఒంటి కొన స్విచ్ బిగించాను. అటువంటి స్విచ్‌కు దాని ఒళ్లే ఎర్త్. కానీ ఇత్తడి ముక్కకు రెండు వైపులా ఉన్నది రబ్బరు. ఆ సంగతి తెలిసి కూడా, సన్నని తీగ ఒకటి గొట్టం క్లిప్పు కింద దూర్చి ఇంజనుకు కలిపి, పని అయిపోయిందనుకున్నాను. షెడ్డులో మూడుసార్లు ఫ్యాను చక్కగా తిరిగింది. వేడికి రబ్బరు మెత్తబడి, క్లిప్పు వదులై, ఊరిన నీటికి ఆ కొన పచ్చగా చిలుము పడుతుందని నాకు తట్టలేదు.

మే నెలలో మీ అత్తయ్యను, అక్కయ్యను, నిన్ను ఎక్కించుకుని బయలుదేరాను. దోర్నాల దాటి నల్లమల ఎక్కుతుండగా, రెండో గేరు హోరులో ఫ్యాను తిరగడం లేదని నా చెవికి తెలియలేదు. టెంపరేచర్ ముల్లు పైకి పోయి, కాసేపటికి తనంతట తానే కిందికి దిగింది. ఫ్యాను పడిందని ఊపిరి పీల్చుకున్నాను. నిజానికి నీరు మరిగి బయటికి పోయింది. నీరు లేక ఆవిరిలో మిగిలిన మీటరు బల్బు తక్కువ చూపించింది. మరో మైలు నడిపాను. ఇంజను పై భాగమైన హెడ్ వంగింది, దాని కింద ఉండే గాస్కెట్ పోయింది. కంగారులో రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాను. నా కుడి మణికట్టు మీద నువ్వు చిన్నప్పుడు వేలితో తడిమి అడిగేవాడివే, ఆ మచ్చ అప్పటిదే. కారులో ఉన్న నీరంతా నీకోసం కాచి చల్లార్చి తెచ్చిన ఒక్క సీసా. గంటసేపు చెట్టు నీడన, ఏడుస్తున్న నిన్ను భుజాన వేసుకుని అక్కయ్య నిలబడింది. నన్ను ఒక్క మాటా అనలేదు. చివరికి ఒక లారీ డ్రైవరు ఆగి, క్యాను నీళ్లు ఇచ్చి, మీ ముగ్గురినీ కొండ మీదికి చేర్చాడు.

అందుకే గట్టిగా చెబుతున్నాను: గొట్టంలో పెట్టకు. రేడియేటర్ మేస్త్రీ చేత ట్యాంకుకు ఇత్తడి గుబ్బ టంకం వేయించి అందులో బిగించు. రెండు కొనలున్న స్విచ్ కొని, ఎర్త్ తీగను ఇంజను బ్లాకుకు బోల్టుతో పట్టించు. మరలకు తెల్ల టేపు చుట్టకు, రాగి వాషరు వేయి. ఆపైన డాష్‌బోర్డు మీద రెండు వస్తువులు పెట్టు: 85వ కొనను నేరుగా ఎర్త్ చేసే చేతి స్విచ్ ఒకటి, 87 నుంచి కరెంటు తీసుకునే చిన్న ఎర్ర దీపం ఒకటి. బెల్టు తెగితే ఛార్జింగ్ దీపం వెలిగి చెబుతుంది. కరెంటు ఫ్యాను మాత్రం చప్పుడు లేకుండా మానేస్తుంది. ఘాటు మొదట్లోనే చేతి స్విచ్ వేసి, దీపం చూసుకుని, ఒక్క క్షణం ఆగి మోటారు చప్పుడు చెవితో విని ఎక్కు. ముల్లు పైకి పోయి ఉన్నట్టుండి పడిపోతే వెంటనే ఆపేయి, మూత ముట్టుకోకు.

బయలుదేరే ముందు ఆదివారం కారును మా ఇంటికి తీసుకురా. వాకిట్లో ఇంజను ఐడిల్‌లో పెట్టి, స్విచ్ దానంతట అది పడి, మళ్లీ విడిపోయేదాకా ఇద్దరం దాని పక్కన కూర్చుందాం. పాపను కూడా తీసుకురా, మీ అత్తయ్య ఎదురుచూస్తూ ఉంటుంది.

ఆశీస్సులతో,
మామయ్య