జబ్బు పేరు ముందే తెలీదు, మంచమ్మీద ఉండే పది రోజులు ఎలా ఉంటాయో మాత్రం తెలుసు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 57, మావారికి 63. ఆయనకి షుగరు, బీపీ ఉన్నాయి, నాకు థైరాయిడ్. ఇంట్లో ఇద్దరమే. రిటైరయ్యాక ఖర్చులు బాగా తగ్గించుకున్నాం, పెరట్లో కూరలు మేమే పండించుకుంటాం, వాన నీళ్ళు డ్రమ్ముల్లో పడతాం, మిగిలిన కూరలు ఎండబెట్టో సీసాల్లో పెట్టో దాచుకుంటాం. రేపు ఏదైనా జబ్బొస్తే హడావుడి పడకూడదని ఒక డబ్బాలో మందులు కూడబెడుతున్నా, పాతవాటిలో మిగిలిన యాంటీబయాటిక్స్, నొప్పి మాత్రలు అన్నీ అందులోనే. కాస్త కలిసొస్తుందని మావారి షుగర్ టాబ్లెట్ సగానికి విరిచి వాడుతున్నాం, ఏమీ తేడా అనిపించలేదు. ఇంకా ఏమేం కొని పెట్టుకోవాలో చెప్తారా? ఆయన తోటలో చెప్పుల్లేకుండానే తిరుగుతారు, టీటీ ఎప్పుడు వేయించుకున్నారో కూడా గుర్తు లేదు.
ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు రాసింది చదువుతుంటే ముచ్చటేసింది, ఆ సగం టాబ్లెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం కంగారుపడ్డాను, అందుకే అక్కణ్ణించే మొదలుపెడతా.

తేడా అనిపించలేదన్నారు. షుగర్ పెరిగితే చాలామందికి ఏమీ అనిపించదమ్మా, అదే దాంతో ఉన్న గొడవ. కళ్ళు, కిడ్నీలు, కాళ్ళ నరాలు లోపల్లోపల దెబ్బతింటుంటాయి, మనిషి మాత్రం బానే తిరుగుతుంటాడు. పైగా టాబ్లెట్ పేరు పక్కన ఎస్ఆర్ అనో ఎక్స్ఆర్ అనో ఉందేమో ఒకసారి చూడండి, ఉంటే అది రోజంతా మెల్లమెల్లగా కరిగేలా చేసిన మాత్ర, అలాంటివాటిని చాలావరకు విరవకూడదు, విరిస్తే మందంతా ఒకేసారి బయటికొచ్చేస్తుంది. ఈ వారంలోనే ఆయనకి పరగడుపున ఒకసారి, తిన్న 2 గంటలకి ఒకసారి షుగర్ చూసి, హెచ్‌బీఏ1సీ కూడా చేయించి (గత 2, 3 నెలల సగటు అందులో తెలుస్తుంది), ఆ నంబర్లు పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికెళ్ళి సగమే వేస్తున్నామని ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారేమోనని దాచొద్దు. మీరు సగమే వేస్తున్నారని తెలీకపోతే డాక్టర్ డోసు ఇంకా పెంచేస్తారు, అది ఇంకో తలనొప్పి. ఖర్చే సమస్యైతే అదే మందు జనరిక్‌లో రాయమని అడగండి, లోపలుండే మందు ఒకటే. పొదుపు అక్కడ చెయ్యండి, డోసులో మాత్రం వద్దు.

ఇక మీ డబ్బా సంగతి. ఒకసారి ఒకాయన ఇలాగే మాత్రల డబ్బా తెచ్చి నా టేబుల్ మీద కుమ్మరించారు. సగం స్ట్రిప్పులకి పేరు లేదు, తేదీ లేదు. ఎందుకంటే ఎక్స్‌పైరీ ముద్రించేది స్ట్రిప్పుకి ఒక చివర, మనం తీసుకునేటప్పుడు ఏ చివర దొరికితే ఆ చివర కత్తిరిస్తాం, మిగిలిన ముక్క అనాథ అయిపోతుంది. తేదీ ఉన్న చివర ఆఖరికి మిగిలేలా అవతలి వైపు నుంచి వాడుకుంటూ రండి. తోట చేసేవాళ్ళకి ఇది కొత్తేం కాదు, విత్తనాల పొట్లం మీద ఏడాది రాసుకోకుండా ఎవరూ దాచరు కదా, మాత్రలకే ఎందుకో ఆ శ్రద్ధ ఉండదు. పేరు తెలీని ముక్కలన్నీ తీసెయ్యండి, యాంటీబయాటిక్స్ తేదీ ఉన్నా సరే తీసెయ్యండి. పోయినసారి కోర్సు పూర్తి చెయ్యకుండా మిగిల్చిన నాలుగు మాత్రలు ఈసారి ఏ జబ్బుకీ సరిపోవు. వైరల్ జ్వరానికైతే అసలు పనే చెయ్యవు, పైగా రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందుకి లొంగని క్రిములు తయారైపోతాయి. తీసేసినవి సింకులోనో టాయిలెట్లోనో పొయ్యకండి, కంపోస్టు గుంటలో అసలే వెయ్యకండి. వెనక్కి తీసుకునే మెడికల్ షాపుంటే అక్కడిచ్చెయ్యండి, లేకపోతే మట్టిలో కలిపి కవర్లో కట్టి చెత్తలో వేసెయ్యండి.

నొప్పి మాత్రలు కూడా మీ ఇంట్లో వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి షుగరు బీపీ రెండూ ఉన్న మనిషికి కిడ్నీల మీద భారం, బీపీని కూడా పెంచుతాయి, జ్వరానికి వేసుకుంటే, అది డెంగ్యూ అయితే రక్తస్రావం భయం ఉంటుంది. జ్వరానికైనా ఒళ్ళు నొప్పులకైనా పారాసిటమాల్ ఒక్కటి పెట్టుకోండి, 500 ఎంజీది, కనీసం 4 నుంచి 6 గంటల ఎడం ఉండాలి, మామూలు పెద్దవాళ్ళకి 24 గంటల్లో 4 గ్రాములు గరిష్ఠం, లివర్ సమస్యో మద్యం అలవాటో ఉంటే అంతకంటే తక్కువే. జలుబు మాత్రల్లో కూడా చాలావాటిలో ఇదే ఉంటుంది, అవీ ఇవీ కలిపేసుకుని తెలీకుండానే ఎక్కువ వేసేసుకుంటారు.

మీరడిగిన అసలు ప్రశ్న ఏం కొనాలి అని. నేనైతే ఇలా ఆలోచిస్తానమ్మా. వచ్చేది ఫ్లూనో డెంగ్యూనో కాలు విరగడమో మనకి తెలీదు, కానీ ఏదొచ్చినా ఆ వారం పది రోజులు ఒకేలా ఉంటాయి, లేవలేరు, వండుకోలేరు, బయటికెళ్ళి మందు తెచ్చుకోలేరు, ఫ్లూ లాంటి అంటుజబ్బైతే ఒకరికొచ్చిన రెండు రోజుల్లో రెండోవాళ్ళకీ రావచ్చు. ఆ రోజుల కోసం సిద్ధపడితే చాలు, అప్పుడు లిస్టు చాలా చిన్నదైపోతుంది.

మొదటిది, రోజూ వేసే మందులు. షుగరు, బీపీ, మీ థైరాయిడ్, ఇవి ఎప్పుడూ కనీసం 2 వారాలకి సరిపడా అదనంగా ఉండాలి. కొత్తది వెనక పెట్టి పాతది ముందు వాడండి. బీపీ మందుల్లో కొన్ని ఒక్కసారిగా ఆపేస్తే ప్రెషర్ ఎగదన్నుతుంది, జ్వరంలో మందులైపోయి ఆగిపోవడం అంటే జబ్బు మీద జబ్బు తెచ్చుకోవడమే. పొయ్యి పక్క అల్మరాలో, బాత్రూంలో పెట్టకండి, వేడికీ తేమకీ పాడవుతాయి. షుగర్ చూసే స్ట్రిప్పుల డబ్బా మూత కూడా వెంటనే బిగించాలి, తేమ తగిలితే నంబరే తప్పొస్తుంది.

రెండోది చాలామందికి తెలీదు, మీ డాక్టర్ని తప్పక అడగండి. వాంతులు విరేచనాలు పట్టుకుని ఏమీ తినలేని రోజున ఏ మాత్ర ఆపాలి, ఏది ఆపకూడదు అని. మెట్‌ఫార్మిన్, డపాగ్లిఫ్లోజిన్ లాంటి కొన్ని షుగర్ మాత్రలు, కొన్ని బీపీ మందులు, నీరు తీసే మాత్రలు అలాంటి రోజుల్లో తాత్కాలికంగా ఆపమంటారు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ దెబ్బతినకుండా, రక్తంలో ఆమ్లం చేరకుండా. ఇన్సులిన్ వాడేవాళ్ళు మాత్రం తినట్లేదు కదా అని సొంతంగా పూర్తిగా మానకూడదు. ఇది మీవారి విషయంలో ఎలాగో డాక్టర్ చేత ఒక కాగితమ్మీద రాయించుకుని డబ్బా మూత లోపల అంటించండి. జ్వరంలో ఎవరికీ ఏదీ గుర్తుండదు.

మూడోది ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఓ అరడజను. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసుంటే అన్ని నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసులో చిటికెడు వేసి తాగడం కాదు, రోజుకి పావు ప్యాకెట్ అనీ కాదు. ప్యాకెట్ లేని రోజున 1 లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, చెంచాకి గోపురం లేకుండా సమానంగా గీసి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, అందుకని ఆ అర చెంచా దగ్గర ఉదారంగా ఉండొద్దు. 24 గంటలయ్యాక మిగిలింది పారబోసెయ్యండి. షుగర్ ఉన్నాయన చక్కెర నీళ్ళెలా తాగుతారని అడుగుతారు, విరేచనాలతో నీరసించినప్పుడు తాగాలి, నాలుగేసి గంటలకి షుగర్ చూసుకుంటూ.

థర్మామీటరు, బీపీ మిషను, షుగర్ మిషను, ఇవి ఎలాగూ ఉండే ఉంటాయి. ఆక్సిమీటర్ (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసేది) ఉంటే మంచిదే, వేలు చల్లగా ఉన్నా గోరుకి రంగున్నా తప్పు చూపిస్తుంది, కాస్త రుద్ది వెచ్చబెట్టి నంబరు నిలకడగా ఆగాక చదవండి. అంతే, ఇంకేం కొనక్కర్లేదు.

కొనక్కర్లేనిది ఇంకోటుంది, ఒక మనిషి. మీ తాళంచెవి ఎక్కడుంటుందో, మందుల చీటీలు ఏ ఫైల్లో ఉన్నాయో, ఏ మందు పడదో తెలిసినవాళ్ళు ఒకరుండాలి. పక్కింటివాళ్ళైనా పర్లేదు. మీ కూరలు ఎలాగూ పంచుతూనే ఉండుంటారు, ఈ మాటా చెప్పి ఉంచండి.

తోటకి నీళ్ళెవరు పోస్తారన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. నవ్వకండి, నా పేషెంటొకావిడ జ్వరం తగ్గిన మర్నాడు తెల్లారకముందే మొక్కలు వాడిపోతున్నాయని బకెట్టు పట్టుకుని వెళ్ళింది, వంగి లేచేసరికి కళ్ళు తిరిగి గట్టు మీద పడింది, తుంటి ఎముక విరిగింది. జ్వరం వారంలో పోయింది, తుంటి మాత్రం ఆర్నెల్లు కూర్చోబెట్టింది. జబ్బు తగ్గిన కొత్తలో నిలబడగానే బీపీ పడిపోవచ్చు, అందుకే మంచమ్మీంచి లేచేటప్పుడు ముందు కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడేసి, నిమిషం ఆగి అప్పుడు లేవాలి. మొదళ్ళలో ఎండాకులు మందంగా పరిచి ఉంచితే తేమ త్వరగా ఆరదు, కుండీలన్నీ నీడకి జరిపి పెడితే ఇంకో రెండు రోజులు ఆగుతాయి, నాలుగు మొక్కలు పోయినా పోనివ్వండి.

డ్రమ్ముల గురించి. డెంగ్యూ దోమ గుడ్లు నీళ్ళలో తేలుతూ కనపడవు, నీటి మట్టానికి కాస్త పైన గోడకి నల్లటి చుక్కల్లా అంటుకుని ఉంటాయి, నీళ్ళు పారబోసినా అవలాగే నెలల తరబడి ఎండిపోయి బతికుంటాయి, మళ్ళీ వాన పడి తడి తగలగానే పిల్లలవుతాయి. కాబట్టి ఖాళీ చేస్తే సరిపోదు, వారానికోసారి బ్రష్షుతో లోపలి గోడ గట్టిగా తోమాలి. గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు పడుతుంది, అందుకే వారం లెక్క. ఖాళీ చెయ్యలేనంత పెద్ద డ్రమ్ములైతే సన్నటి వల బిగించి కట్టండి, ఎక్కడా సందు లేకుండా. కుండీల కింద పళ్ళేలు మర్చిపోకండి.

ఎండబెట్టిన కూరలకి నా ఓటు, విరిస్తే పటుక్కుమనాలి, మెత్తగా వంగితే తేమ ఉన్నట్టే. బూజు పడితే పడినంత మేర తీసేసి వాడటం కాదు, మొత్తం పారెయ్యండి, కొన్ని బూజుల విషాలు ఉడికించినా పోవు. సీసాల్లో పెట్టేవాటితోనే నాకు భయం. పులుపు లేని కూరలు, బీన్స్ లాంటివి, ఉడికించి గాలి చొరకుండా మూత బిగించి బయట పెడితే బొట్యులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి పెరిగి విషం పుట్టొచ్చు. మామూలుగా మరిగించినా ఆ క్రిమి బీజాలు చావవు, ప్రెషర్‌లో 121 డిగ్రీలు కావాలి. వాసన మారకపోవచ్చు, రుచీ మారకపోవచ్చు. ఒకటి రెండుగా కనపడటం, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలైతే అప్పటికే ఎమర్జెన్సీ. వెల్లుల్లి నూనెలో వేసి బయటుంచడం కూడా అంతే. అలాంటివి ఎండబెట్టండి, ఫ్రీజర్లో పెట్టండి, సీసాలొద్దు. ఇంకోటి, దోస, సొర, గుమ్మడి జాతి కాయలు ఎప్పుడైనా చేదుగా తగిలితే అంత కష్టపడి పెంచాం కదా అని తినెయ్యకండి, ఉమ్మేసి పారెయ్యండి, ఆ చేదే విషం, ఉడికించినా పోదు. తోట మందులు ఏవైనా వాడుతుంటే వాటి సీసాల్లోనే ఉంచి తాళం వెయ్యండి, తాగే నీళ్ళ బాటిల్లో పోసి పెట్టిన మందు తాగేసి వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను.

ఇంట్లో ఎదురుచూడకుండా బయల్దేరాల్సినవి చెప్తా, ఆ కాగితం కిందే ఇవీ రాసుకోండి. ఆయాసం, ఆక్సిజన్ 94 కంటే తగ్గడం, ఛాతీలో నొప్పో బరువో, మాట ముద్దగా రావడం, మూతి వంకరపోవడం, మగతగా ఉండి మాట పొంతన లేకపోవడం, 8 గంటలైనా మూత్రం రాకపోవడం, నల్లటి విరేచనం, 3 రోజులు దాటిన జ్వరం, తాగిన నీళ్ళు కూడా నిలవకపోవడం, షుగర్ 300 పైన రెండుసార్లు రావడం. షుగర్ 70 లోపు పడితే మాత్రం బయల్దేరే ముందే 3 టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాల్లో మళ్ళీ చూడండి. మింగలేనంత మగతలో ఉంటే నోట్లో ఏమీ పొయ్యొద్దు.

చివరగా మీవారి కాళ్ళు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకి ముల్లు దిగినా తెలీదు, నా దగ్గరికొచ్చినవాళ్ళలో సాక్స్ తడిగా ఉందేంటని చూసుకుంటే అప్పటికి చీము పట్టినవాళ్ళున్నారు. మూసి ఉండే బూట్లు వేసుకుని తోటలోకి వెళ్ళమనండి, వేసుకునే ముందు తిరగేసి దులపమనండి, రాత్రి పడుకునే ముందు మీరే ఆ పాదాలు తిప్పి వేళ్ళ సందులతో సహా చూడండి. ధనుర్వాతం తుప్పు మేకుతోనే వస్తుందనుకుంటారు, ఆ క్రిమి ఉండేది మట్టిలో, ఎరువులో, ముల్లు చాలు. టీకా పదేళ్ళకోసారి వేయించుకోవాలి, మురికి గాయమైతే ఐదేళ్ళు దాటినా మళ్ళీ వేస్తారు. గుర్తు లేదంటే వేయించుకోనట్టే లెక్క, ఇప్పుడు చాలాచోట్ల టీటీ బదులు టీడీ (ధనుర్వాతానికీ డిఫ్తీరియాకీ కలిపిన టీకా) వేస్తున్నారు, షుగర్ చూపించుకోడానికి వెళ్ళిన రోజే ఆ పని కూడా అయిపోయేలా చూడండి, ఏడాదికోసారి వేసే ఫ్లూ టీకా గురించి కూడా అప్పుడే అడిగి రండి.