'అశాస్త్రీయ సహసంబంధాలు' అనవచ్చునా?

సందేహం: 'క్వాంటం వ్యవస్థలలో అశాస్త్రీయ సహసంబంధాలను కనిపెట్టడం' అన్న మాట ఒక వ్యాసంలో చదివాను. క్లాసికల్ సంగీతం శాస్త్రీయ సంగీతమైనప్పుడు నాన్‌క్లాసికల్‌ను అశాస్త్రీయం అనడంలో దోషముందా?

సమాధానం: ఉంది. క్లాసికల్ అన్న ఒక్క మాటకు మనం సందర్భాన్ని బట్టి వేరువేరు మాటలు వాడుతున్నాం. సంగీతంలో అది శాస్త్రీయం. 2008లో తెలుగుకు కేంద్రం ఇచ్చిన హోదా విషయంలో ప్రాచీనం. న్యూటన్, మాక్స్‌వెల్‌ల భౌతికశాస్త్రం విషయంలో సంప్రదాయం. అశాస్త్రీయం అనగానే తెలుగు పాఠకుడికి తోచేది 'సైన్సు పరీక్షకు నిలవనిది' అనే అర్థమే. ఇక్కడ జరిగినది సరిగ్గా దానికి వ్యతిరేకం.

ఒక జత చెప్పులను విడదీసి, ఒకటి విజయవాడకూ మరొకటి వరంగల్లుకూ పంపితే, ఒక పెట్టె తెరవగానే రెండోదానిలో ఉన్నది ఏ కాలిదో తెలిసిపోతుంది. పెట్టెలు కట్టినప్పుడే ఖాయమైన ఈ పొంతన సంప్రదాయ సహసంబంధం. కణాల జంటలలోని పొంతన కూడా ఇలా ముందే ఖాయమైనదే అయితే, ఒక కొసన చేసే కొలత రెండో కొసను తాకకపోతే, దానికొక హద్దు ఉండి తీరాలని 1964లో భౌతికశాస్త్రవేత్త జాన్ బెల్ నిరూపించాడు. క్లాసర్, హార్న్, షిమోనీ, హోల్ట్‌లు 1969లో ఇచ్చిన రూపంలో, పొంతనను కొలిచే సంఖ్యకు ఆ హద్దు 2. సూక్ష్మకణాల తీరును వివరించే క్వాంటం సిద్ధాంతం ఆ సంఖ్యను సుమారు 2.83 వరకు అనుమతిస్తుంది. 1982లో ఫ్రాన్సులోని ఓర్సేలో అలేన్ ఆస్పె బృందం కాంతికణాలపై కొలిచి 2.697 అని తేల్చింది. హద్దు దాటిన ఆ విలువే సంప్రదాయానికి లొంగని సహసంబంధానికి ఆనవాలు. ఈ కృషికే 2022లో ఆస్పె, క్లాసర్, జైలింగర్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంత కఠినంగా పరీక్షించి నిలబెట్టినదానికి అశాస్త్రీయమని పేరు పెట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

కనుక 'సంప్రదాయేతర సహసంబంధాలు' అనడం మేలు. సంప్రదాయేతర ఇంధన వనరులు అన్న వాడుక మనకు పరిచితమే. సంప్రదాయ, ఇతర అన్న మాటల మధ్య గుణసంధి జరిగిన రూపమిది. చాలామంది రాస్తున్నట్లు 'సాం' అని దీర్ఘం అక్కరలేదు.

మీరు అడగకపోయినా, 'కనిపెట్టడం' కూడా ఇక్కడ పొసగదు. రేడియోను కనిపెట్టారు అన్నప్పుడు లేనిదాన్ని సృష్టించడమనే అర్థం వస్తుంది. ఈ సహసంబంధాలు వ్యవస్థలో ముందే ఉన్నాయి. ప్రయోగం వాటిని బయటపెడుతుంది. అందువల్ల 'గుర్తించడం' అని రాయాలి.